ఒక చేతికే గుండీలు

మద్రాసు,
జూన్, 1961

వదినా,

"ప్రభువునందు మిగుల ప్రియమైన" అని మొదలుపెట్టి సగం కాగితం వందనాలకే ఖర్చు చేసే ఓపిక నాకు లేదని నీకు తెలుసు. అమ్మకీ అన్నకీ నీకూ కలిపి ఒకటే వందనం. పంచుకోండి.

నా పని మారింది. గుడ్డల కొట్లో కాజాలు కుట్టడానికి చేరాను కదా, ఇప్పుడు నన్ను బొమ్మను చేశారు. నవ్వకు. కొట్టు ముందు భాగంలో ఒక అరుగు కట్టించి చుట్టూ దీపాలు పెట్టారు. కొత్త చీరలు వచ్చినప్పుడల్లా నేనూ, నాయుడుపేట పిల్ల చెంచులక్ష్మీ వాటిని కట్టుకుని ఆ అరుగు మీద ఈ కొస నుంచి ఆ కొసకి నడవాలి. కింద కుర్చీల్లో కూర్చున్న అమ్మగార్లు చూసి "అది తియ్యండి" అంటారు. నన్ను కాదులే, చీరని. ఈ పని చేసేదాన్ని మోడల్ అంటారట. బిట్రగుంట రైల్వే కాలనీలో నన్ను తాటిచెట్టు అన్న ప్రతివాడికీ చెప్పు, ఆ తాటిచెట్టుకే ఇక్కడ పట్టుచీరలు చుడుతున్నారని. నా పొడుగు చూసే ఈ పని ఇచ్చారు. పుట్టినప్పటి నుంచి పొడుగు కనపడకుండా వంగి నడిచినదాన్ని, ఇప్పుడు నిటారుగా నడవడం నేర్చుకుంటున్నాను. నడుము నొప్పి పుడుతోంది గానీ బాగుంది.

తాటిచెట్టు అంటే గుర్తొచ్చింది. మీ పెళ్ళికి ముందు కావలి స్టేషన్లో మాలకొండయ్య ఆ మాట అన్నందుకు అన్న వాడి దవడ పగలగొట్టాడు. పళ్ళు ప్లాట్‌ఫారం మీద రాలాయి. ఇప్పటికీ తలుచుకుంటే నా ఛాతీ పొంగుతుంది. అలాంటి చెయ్యి వెనక ఉంటే ఆడపిల్ల ఎక్కడికైనా పోవచ్చు. నువ్వు ఆ చేతి నీడలోనే కాపురం చేస్తున్నావు, అదృష్టవంతురాలివి.

అసలు సంగతి ఇది. నీకు మద్రాసు పద్ధతిలో ఒక రవిక కుట్టిస్తాను. పొట్టి చేతులు, వెనక కాస్త దించిన మెడ. నీ ఆది రవిక ఒకటి పంపు. ఒంటి మీద టేపు పెట్టనివ్వని మనవాళ్ళకి ఒక పాత రవికే కదా కొలత. మొహమాటపడ్డావంటే చూడు.

నీ తాటిచెట్టు,
కరుణాకుమారి

*

బిట్రగుంట,
జూలై, 1961

కరుణకు,

అత్తయ్య పక్కనే కూర్చుంది. "ముందు ప్రభువు పేరు రాసినావా?" అని అడిగింది. రాశానన్నాను. కాబట్టి రాసినట్టే అనుకో.

నీ సంగతి విని మీ అన్న లోకో షెడ్డంతా చాటింపు వేశాడు. డ్రైవర్లందర్నీ ఆపి, "మా చెల్లెలు మద్రాసులో మోడల్" అని చెప్పాడట. ఆ మాట అంటే ఏమిటో వాళ్ళకీ తెలియదు, ఆయనకీ తెలియదు. ఈసారి కూడా డ్రైవరు పరీక్ష తప్పాడు. ఫైర్‌మన్‌గానే ఇంకా బొగ్గు ఎగదోయాలి. మొన్న ఆదివారం చర్చిలో పాట అందుకుంటే మాత్రం ఆడవాళ్ళందరూ కళ్ళు ఒత్తుకున్నారు. ఆయన గొంతు నీకు తెలుసు కదా.

నాకు రవిక వద్దు. నా ఒళ్ళు నువ్వు చూడనిదా? బొగ్గు బస్తాకి జరీ అంచు ఎందుకు అంటాడు మీ అన్న. నవ్వుతూనే అంటాడులే. పైగా నాకిప్పుడు పొడుగు చేతులే అలవాటయ్యాయి. పెళ్ళికి ముందు కాలనీలో డోరతమ్మ దగ్గర గౌన్లు కుట్టడం నేర్చుకున్నాను, ఆ దొరసానుల గౌన్ల పొడుగు చేతులే నాకూ పట్టుబడ్డాయి. ఈ ఎండలకి కొంచెం ఉక్కపోత, అంతే. సముద్రం గాలి సాయంత్రానికి గానీ తిరగడం లేదు. కుట్టు మిషను కూడా కొన్నాళ్ళుగా మూలనే ఉంది.

నువ్వు తింటున్నావా? ఏం తింటున్నావో రాయి. ఆది రవిక గురించి మళ్ళీ రాయకు.

జయశీల

*

మద్రాసు,
ఆగస్టు, 1961

వదినా, దొంగా!

ఇంత విద్య లోపల దాచుకుని బొగ్గు బస్తా కబుర్లు చెప్తావా?

నువ్వు పంపనంటే అమ్మ పంపింది. దండెం మీద ఆరుతున్న నీ రవికను లాగి, మడిచి, గార్డు వెంకయ్య గారి చేతికిచ్చిందట. ఆయన మొన్న ఇచ్చి వెళ్ళారు. విప్పి చూసి కూలబడ్డాను. కుడి చెయ్యి మణికట్టు దాకా మామూలుగా ఉంది. ఎడమ చెయ్యి మాత్రం మణికట్టు నుంచి మోచెయ్యి దాటి పైదాకా చీల్చి, ఆ చీలిక వెంట గుడ్డ చుట్టిన చిన్న చిన్న గుండీలు వరసగా! ఒక చేతికే! ఇలాంటి ఊహ మద్రాసులో ఒక్క టైలరుకి వచ్చి ఉంటే నా చెవి కోసిస్తాను.

నాకు వదులు కాబట్టి పక్కలు లోపలికి పట్టి, దాన్నే తొడుక్కుని, ఒక బూడిదరంగు పట్టుచీరతో అరుగెక్కాను. కుర్చీల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఒకావిడ లేచి నిలబడి, "చీర కాదమ్మా, ఆ చెయ్యి కావాలి" అంది. మేనేజరు కామాక్షయ్య పరిగెత్తుకొచ్చి "ఏ ఊరి ఫ్యాషన్ ఇది?" అన్నాడు. "బిట్రగుంట" అన్నాను. అంతే, ఇప్పుడు కొట్లో దాని పేరు బిట్రగుంట చెయ్యి. ఇవాళ పొద్దున్నుంచీ ఆర్డర్లే.

ఈ కామాక్షయ్య గురించి చెప్పలేదు కదూ. గజాలు పోయి మీటర్లు వచ్చాక కొట్టుకి ఇనప మీటరు బద్దలు తెచ్చారు. ఒకటి ఎప్పుడూ వాడి చేతిలోనే ఉంటుంది. శనివారం శనివారం మా నడుములు కొలుస్తాడు. పెరిగితే బద్దతో పిక్క మీద ఒకటి తగిలిస్తాడు. అరుగెక్కే రోజు అన్నం లేదు, నిమ్మకాయ నీళ్ళే. నాకేం ఫరవాలేదు, నేను పుట్టుకతోనే పుల్లని. చెంచులక్ష్మికే కష్టంగా ఉంది, దానిది నీలాంటి నిండైన ఒళ్ళు.

నిన్ను ఎంత మెచ్చుకున్నా చాలదు. చేతులకి ముద్దు పెట్టాననుకో, ముఖ్యంగా ఎడమ చేతికి.

కరుణ

*

బిట్రగుంట,
ఆగస్టు, 1961

కరుణా,

ఆ రవిక పొరపాటున వచ్చింది. నీకు పంపాలని నేను అనుకోలేదు. అత్తయ్యకి తెలియక చేసింది. దాన్ని చింపెయ్, లేకపోతే పొయ్యిలో పెట్టు. ఆ చెయ్యి ఎవరికీ కుట్టవద్దు. ఎవరైనా ఎవరు కుట్టారని అడిగితే నా పేరు చెప్పవద్దు, ఊరి పేరు కూడా చెప్పవద్దు.

వెంకయ్య గారు షెడ్డులో మీ అన్నతో అన్నారట, "మీ ఇంటామె రవిక మద్రాసంతా తిరగతా ఉండాదబ్బయ్యా" అని. అందరూ నవ్వారట. మీ అన్న ఇంటికి వచ్చేటప్పటికి నేను సంగటి పెడుతున్నాను. పళ్ళెం గోడకి తగిలింది. గోడ కడిగాను. అంతే.

చెంచులక్ష్మిని అన్నం తినమని చెప్పు. నువ్వూ తిను.

జయశీల

*

మద్రాసు,
నవంబరు, 1961

వదినా,

నీ ఉత్తరానికి ఇన్నాళ్ళు జవాబు రాయకపోవడానికి కారణం కోపం. దాచను. నేను పైకి వస్తుంటే నీకెందుకు మంట అనుకున్నాను. పెళ్ళాం బట్టల గురించి నలుగురూ నవ్వితే ఏ మగవాడైనా పళ్ళెం విసురుతాడు, దానికి నా నోటి దగ్గర కూడు తీస్తావా అనుకున్నాను. ఆ చెయ్యి ఆపలేదు. ఇక్కడ ఇప్పుడు కారులో తిరిగే ప్రతి ఆడదీ ఎడమ చేతికి గుండీలు పెట్టించుకుంటోంది. నా ఫొటో ఒక వారపత్రికలో కూడా వచ్చింది. అరుగు మీద ఏ రవికకి ఏ చీర అన్నది ఇప్పుడు నేనే చెప్తాను. తాటిచెట్టుకి ఒక పేరు వచ్చింది వదినా. ఆ పేరు మీద ప్రాణం పెట్టుకున్నాను.

కానీ ఇవాళ రాస్తున్నది దాని గురించి కాదు.

నిన్న చెంచులక్ష్మి నడుము పెరిగిందని కామాక్షయ్య అందరి ముందూ నిలబెట్టాడు. "పందికి పట్టెందుకే" అని, చీర కుచ్చెళ్ళు పైకెత్తమని, పిక్కల మీద బద్దతో కొట్టాడు. అది రెండు రోజులుగా ఏమీ తినలేదు. నాలుగో దెబ్బకో అయిదో దెబ్బకో కళ్ళు తేలేసి అరుగు అంచు మీద పడింది. పెదవి చీలింది. కొత్త చీర మీద రక్తం పడిందని వాడు మళ్ళీ కొట్టాడు. నేను అడ్డం వెళితే నా వీపు మీద కొట్టాడు. వీపు మీద బద్ద అచ్చు పడి ఉంది. పడుకోలేకపోతున్నాను.

ముఖం కడుక్కుంటే అరచేతికి ఎముకలే తగులుతున్నాయి. అద్దంలో చూసుకుంటే ఇంకా లావుగా ఉన్నానేమో అనిపిస్తోంది. ఇదేం పిచ్చి చెప్పు.

అన్నను పంపు. సెలవు పెట్టి రమ్మను. మాలకొండయ్య దవడ పగలగొట్టిన ఆ చెయ్యి నాకిప్పుడు కావాలి. కామాక్షయ్య వేళ్ళు ఒక్కొక్కటే విరవమను. నేను చూడాలి.

కరుణ

*

బిట్రగుంట,
నవంబరు, 1961

కరుణా,

ఆ చెయ్యి నీకెందుకు? దాని సంగతి నాకు తెలిసినంత నీకు తెలియదు.

ఇది రాయకూడదని నాలుగేళ్ళుగా అనుకున్నాను. నువ్వు ఆయన చెల్లెలివి. నీ కంటికి ఆయన దేవుడు. ఇంతకాలం నీ దేవుణ్ణి నేనెందుకు పడగొట్టాలి అనుకున్నాను. ఇవాళ ఆయన్ను నీ దగ్గరికి రక్షణకి పంపమంటున్నావు. ఇంక నా వల్ల కాదు.

మొన్న ఈస్టరుకి పొట్టి చేతుల రవిక కుట్టుకున్నాను. తెల్లది. చర్చి నుంచి వస్తుంటే పాస్టరమ్మ "జయశీలా, నీ నలుపుకి తెలుపు ఎంత బాగుందో" అంది. ఇంటికొచ్చి తలుపేశాక ఆయన, "బొగ్గు బస్తా చేతులు ఎవురికి చూపిద్దామనే?" అన్నాడు. తలుపు గడియకర్ర తీశాడు. తలకి రావలసిన దెబ్బకి ఎడమ చెయ్యి అడ్డం పెట్టాను. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. ఆ చప్పుడు నాకూ వినపడింది, అత్తయ్యకీ వినపడింది. ఆమె వంటింట్లోంచి, "మొగోడి కోపం పాలపొంగు, కాసేపు కదలకుండా ఉండమ్మే" అంది. కదలకుండా ఉన్నాను. ఇంకా కొట్టాడు. వీపు మీద, తొడల మీద. తెల్ల రవిక నా ఒంటి మీదే చింపాడు.

తర్వాత ఏడ్చాడు. ఆయనే పాసు తీసుకుని నన్ను పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించాడు. దారి పొడుగునా నా తల ఒళ్ళో పెట్టుకున్నాడు. బత్తాయిలు ఒలిచి తినిపించాడు. కట్టు కట్టేవాళ్ళు ఎట్లా విరిగిందని అడిగితే నేను నోరు తెరిచే లోపలే "బావిగట్టు మింద జారి పడింది" అన్నాడు. కొట్టిందీ అదే చెయ్యి, బత్తాయి తొన నోట్లో పెట్టిందీ అదే చెయ్యి. ఆ రోజు నుంచి నాకు బత్తాయి వాసన పడదు.

వెదురు దబ్బల కట్టు మీద ఏ రవికా ఎక్కలేదు. అందుకని చెయ్యి పొడుగునా చీల్చి గుండీలు పెట్టాను. గుండీలు విప్పితే చెయ్యి దూరుతుంది, పెట్టుకుంటే కట్టు కనపడదు. అదీ నీ బిట్రగుంట చెయ్యి. కట్టు విప్పాక కూడా ఎముక వంకరగానే ఉండిపోయింది, అందుకే ఇప్పటికీ అవే తొడుక్కుంటున్నాను. కుడి చెయ్యి విరగలేదు కాబట్టి దానికి గుండీలు లేవు.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. నాకు తోడికోడలు లేదు. మద్రాసులో కార్లలో తిరిగే ఆడవాళ్ళందరూ నా విరిగిన చెయ్యి చూసి ముచ్చటపడుతున్నారని నువ్వు రాసిన రోజున మాత్రం ఏడ్చాను.

నమ్మకపోతే మానెయ్.

జయశీల

*

మద్రాసు,
డిసెంబరు, 1961

వదినా,

నీ ఉత్తరం చించేశాను. ముందది చెప్తాను. చించి, నువ్వు అబద్ధాలకోరువని, మా అన్న పేరు చెడగొట్టడానికే పుట్టావని నాలుగు పేజీలు రాశాను. పోస్టు చెయ్యలేదు.

కొత్త కత్తిరింపు కోసం నీ పాత రవిక కుట్లు విప్పవలసి వచ్చింది. ఎడమ చెయ్యి తిరగేశాను. లోపల మోచేతి దగ్గర ఆకుపచ్చ మరక ఎన్ని ఉతుకులకీ పోకుండా అట్టకట్టి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పుత్తూరు పసరు. నాకు తెలియని వాసన కాదు. చిన్నప్పుడు నా కాలు విరిగితే నన్ను వీపున వేసుకుని పుత్తూరు తీసుకుపోయింది అన్నే. ఆ రవిక ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఇన్నాళ్ళూ నీ దెబ్బను పక్కలు లోపలికి పట్టి తొడుక్కుని, దీపాల కింద నడిచాను నేను. చప్పట్లు కొట్టించుకున్నాను.

చించిన నీ ఉత్తరాన్ని మైదా జిగురు పెట్టి మళ్ళీ అతికించాను.

ఆ మర్నాడు శనివారం. కామాక్షయ్య టేపు పట్టుకుని చెంచులక్ష్మి దగ్గరికి వచ్చాడు. వాడు చంకలో పెట్టుకున్న మీటరు బద్ద లాగేసుకుని ముంజేతి మీద ఒక దెబ్బ కొట్టాను. వంద సెంటీమీటర్లూ తగిలాయి. అరిచాడు. ఇంకోటి కొట్టాను. మూడోది కొడుతుంటే చెంచులక్ష్మే నన్ను పట్టుకుని ఆపింది. "సచ్చిపోతాడక్కా" అంది. వదినా, నాకు ఆపాలనిపించలేదు. హాయిగా ఉంది. ఆ హాయి చూస్తే నాకు భయమేసింది. ఈ చెయ్యి కూడా మా ఇంటిదే.

పని పోయింది. పోలీసుల దాకా వెళ్ళలేదు, కొట్టు పరువు పోతుందని. చెంచులక్ష్మి కూడా మానేసింది.

నేను వస్తున్నాను. అన్నకి చెప్పకు. నా ట్రంకు పెట్టె ఇక్కడే ఉంచి ఖాళీ చేతులతో వస్తున్నాను, ఎందుకో నీకు వచ్చాక చెప్తాను.

కరుణ

*

మద్రాసు,
ఫిబ్రవరి, 1962

కరుణా,

ఉత్తరం పైన మద్రాసు అని నా చేత్తో రాయడం ఇదే మొదలు. రాసి, కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. నువ్వు బిట్రగుంటలో, నేను ఇక్కడ నీ గదిలో, నీ ట్రంకు పెట్టెలో చీరలతో. ఖాళీ చేతులతో ఎందుకొచ్చావో ఆ రోజు నన్ను రైలెక్కించి తాళంచెవి చేతిలో పెట్టాక గానీ అర్థం కాలేదు.

ఆ రోజును మరిచిపోదామని చూస్తాను. మిషను తొక్కుతుంటే మళ్ళీ వస్తుంది. చెల్లెలు వచ్చిందని మీ అన్న జువ్వలదిన్నె నుంచి వంజరం తెప్పించాడు. నువ్వు చేప ముట్టకుండా, "అన్నా, వదిన చెయ్యి ఒకసారి పట్టుకుని చూడు, వంకర తెలస్తాదేమో" అన్నావు. ఆయన నవ్వాడు. నువ్వు నవ్వలేదు. తర్వాత అరుపులు. నీ మీద ఎన్నడూ లేవని ఆ చెయ్యి బెల్టు తీసింది. ఇత్తడి బిళ్ళ నీ కనుబొమ మీద తగిలి రక్తం కంట్లోకి కారింది. నువ్వు తల వంచలేదు. "ఇంకోటి కొట్టన్నా, మాలకొండయ్యను కొట్టినట్టు కొట్టు" అన్నావు. ఆయన మళ్ళీ చెయ్యెత్తాడు.

నేను ఆయన చర్చి చొక్కానే ఇస్త్రీ చేస్తున్నాను. నిప్పులు నిండుగా ఉన్న పెట్టె. నాలుగేళ్ళు నన్ను కొట్టినప్పుడు లేవని నా చెయ్యి, నిన్ను కొట్టగానే లేచింది. ఎత్తిన ముంజేతి మీద పెట్టాను. పెట్టి నొక్కాను. కాలిన వాసన, అత్తయ్య అరుపు, ఆయన మోకాళ్ళ మీద పడడం, అన్నీ గుర్తున్నాయి. నేను పెట్టెను వెంటనే తియ్యలేదన్నది కూడా గుర్తుంది. ప్రభువు నన్ను ఎట్లా లెక్క కడతాడో నాకు తెలియదు. కానీ ఆ చెయ్యి తగ్గే దాకా నువ్వు అక్కడే ఉంటానన్నావు చూడు, అది నాకింకా మింగుడు పడడం లేదు. తలుపు గడియ పెట్టుకుంటున్నావా?

ఇక్కడి సంగతి. నేనూ చెంచులక్ష్మీ ఈ నీ పెరంబూరు గది వరండాలో మిషను వేశాం. అది అన్నం తింటోంది, పాటలు పాడుతోంది. బిట్రగుంట చెయ్యి కుట్టేది నేనేనని ఎట్లా తెలిసిందో, కొట్టుకి వెళ్ళే అమ్మగార్లు వెతుక్కుంటూ వస్తున్నారు. మొన్న నలుగురు వచ్చారు. ఒకావిడ, "ఒక చేతికే గుండీలు పెట్టాలని మీకెలా తోచింది?" అని అడిగింది. ఏదో అబద్ధం చెబుదామని నోరు తెరిచాను. చెప్పలేకపోయాను. గుండీలన్నీ విప్పి చెయ్యి చూపించాను. "నా మొగుడు ఇరగ్గొట్టినాడమ్మా. కట్టు కనపడకుండా కుట్టుకున్నా" అన్నాను. ముగ్గురు చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. మళ్ళీ రారు.

నాలుగో ఆమె నేను గుండీలు మళ్ళీ పెట్టుకునే దాకా ఉండి వెళ్ళింది. మర్నాడు ఒక్కతే వచ్చింది. తెల్లగా, సన్నగా, నీ అరుగు మీద నిలబెట్టదగ్గ మనిషి. "నాకు రెండు చేతులకీ పెట్టండి" అంది. ఆది రవిక తేలేదు. నేను అడగలేదు. లోపలికి తీసుకుపోయి తలుపు వేసి, టేపు తీసి మెల్లగా ఒళ్ళంతా కొలిచాను. ఎక్కడ నొప్పి ఉందో అక్కడ వదులు పెట్టాను. ఇద్దరం ఏడవలేదు. సన్నగా, తెల్లగా ఉంటే కొట్టరనుకున్నాను కరుణా, ఇన్నేళ్ళూ. నా నలుపు వల్లే, నా లావు వల్లే అనుకున్నాను.

ఆమె వెళ్ళాక నీ నిలువుటద్దం ముందు నిలబడ్డాను. పెళ్ళయ్యాక పూర్తిగా చూసుకోవడం అదే మొదటిసారి. లావే. నలుపే. భుజాలు మిషను తొక్కే మనిషి భుజాలు. అన్ని దెబ్బలు తిని, విరిగి, మళ్ళీ తనంతట తనే అతుక్కున్న ఒళ్ళు అది. దీన్ని ఆయనతో కలిసి నేను కూడా ఎందుకు తిట్టాను అనిపించింది. ఆ సాయంత్రమే పొట్టి చేతుల రవిక కత్తిరించుకున్నాను. తెల్లదే. తొడుక్కుని బజారుకి వెళ్ళాను. పూలమ్మే ఆమె చెయ్యి చూసి అయ్యో అంది. మూర పూలు ఎక్కువే వేసింది.

ఆయన చెయ్యి ఎట్లా ఉంది? అడగకూడదనుకుంటూనే అడుగుతున్నాను.

జయశీల

*

బిట్రగుంట,
మార్చి, 1962

వదినా,

గడియ పెట్టుకుంటున్నాను. తలుపు తీసినప్పుడు గడియకర్ర నా మంచం పక్కనే ఉంటుంది. కనుబొమ మీద గాటు మిగిలింది. ఇంక నన్ను ఏ కొట్టువాడూ అరుగెక్కించడు, మంచిదే. పూటకి రెండు చేపలు తింటున్నాను. చెంపలు వచ్చాయి. తాటిచెట్టుకి కాయలు కాశాయని అమ్మ అంది. ఇన్నాళ్ళకి అమ్మ నవ్వడం విన్నాను.

అమ్మ నీ పేరు ఎత్తదు. కానీ మూలనున్న నీ మిషను మీద దుమ్ము తుడుస్తోంది రోజూ. మొన్న నా దగ్గర కూర్చుని, "ఆ సప్పుడు నాక్కూడా ఇనపడింది కరుణా" అంది. ఆ మాట అని లేచిపోయింది.

అన్న చెయ్యి మానింది. మొదటి రోజుల్లో అమ్మ దోసెపిండి రాసింది, తర్వాత రైల్వే ఆసుపత్రి వాళ్ళు కట్టు కట్టారు. ఇప్పుడు బొగ్గు ఎగదోయగలడు. ఫైర్‌మన్ చేతికి కాలిన మచ్చ ఉండడం వింత కాదు, షెడ్డులో అందరి ఒంటి మీదా ఉంటాయి. కానీ ఈ మచ్చ వేరు. కింద వెడల్పు, ముందు మొన. చూసిన ప్రతివాడికీ ఇస్త్రీపెట్టె అని తెలిసిపోతుంది. ఇంజను అంత చక్కగా కాల్చదు.

డ్యూటీకి పోయే ముందు రోజు నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. తల వంచుకుని, చిన్నప్పుడు నా కాలికి కట్టు కట్టినప్పుడు ఎంత మెల్లగా మాట్లాడాడో అంత మెల్లగా, "కరుణా, నాకొక చొక్కా కుట్టి పెట్టమ్మే" అన్నాడు. "పొడుగు చేతులది. కుడి చేతికి గుండీలు పెట్టు. మచ్చకి గుడ్డ ఇంకా రాసుకుంటా ఉండాది, విప్పి పెట్టుకునేదానికి ఈలుగా ఉంటాది" అన్నాడు.

వదినా, నీళ్ళు తాగుతున్నదాన్ని గ్లాసు కింద పెట్టేశాను. తను ఏం అడుగుతున్నాడో తనకి తెలియడం లేదు. నువ్వు మిషను మీద వంగి ఏం కుట్టుకున్నావో నాలుగేళ్ళు ఈ ఇంట్లోనే ఉండి అతను ఒక్కసారీ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది, కొట్టాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. నా చెయ్యి మా ఇంటిదేనని రాశాను కదా, దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం నేర్చుకుంటున్నాను.

సరే అన్నాను. నీ మిషను తీసి నూనె వేశాను. నీలం గుడ్డ తెచ్చాను. ఆది చొక్కా అడగకుండా టేపు పెట్టి కొలిచాను. పిల్లవాడిలా చేతులు చాపి నిలబడ్డాడు. తెల్లారేటప్పటికి చొక్కా మడిచి మంచం మీద పెట్టాను.

పొట్టి చేతులది కుట్టాను.

విప్పి చూశాడు. నా వంక చూశాడు. నేను మిషను దగ్గర నుంచి లేవలేదు. పాత చొక్కాలన్నీ అప్పటికే నానబెట్టి ఉన్నాయి. షెడ్డు సైరను కూసింది. దాన్నే తొడుక్కుని, క్యారేజీ పట్టుకుని, కాలనీ మధ్య రోడ్డు మీదుగా నడిచి వెళ్ళాడు. కుడి చెయ్యి వెనక్కి పెట్టుకుని కొంత దూరం నడిచాడు. క్యారేజీ బరువుకి మళ్ళీ ముందుకి తెచ్చుకోక తప్పలేదు.

సాయంత్రం వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. అన్నం తినలేదు. "అందరూ చూసినారు కరుణా" అన్నాడు.

"చూడనీ అన్నా" అన్నాను.

నీ
కరుణాకుమారి